రాజాంలో కాగితం పడవలు, ‘అయిపోనాది’ అనే మాట

రాజాంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్పే నా మిత్రుడు రమణమూర్తి ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. చివరి సంవత్సరం విద్యార్థులు నలుగురు ధాన్యం ధరలు చూపే మొబైల్ యాప్ తయారుచేస్తూ మధ్యలో తగవుపడ్డారట. “శుక్రవారం సాయంత్రానికి రాజీ కుదరకపోతే జట్టును విడగొడతాను. అప్పుడు అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఒకసారి వచ్చి నీ ఆటలు ఆడించు” అన్నాడు. పెద్ద పనిని చిన్న విడతలుగా చేస్తూ, ప్రతి విడత చివరా ఆగి చూసుకుని దిద్దుకునే ఎజైల్ పద్ధతిని నేను సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. దాన్ని ఆటలతో నేర్పే అవకాశమంటే నాకు పండగే.

అది 2017 వర్షాకాలం. శుక్రవారం ఉదయం ఏడింటికి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రాజాం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. గరివిడి, చీపురుపల్లి మీదుగా సుమారు గంటన్నర ప్రయాణం. దారి పొడవునా వరినాట్లు జోరుగా సాగుతున్నాయి. రాజాంలో ఆటో ఎక్కగానే డ్రైవరు నా సంచీలోకి తొంగిచూశాడు.

“ఏటి సార్, సింతపిక్కలు, పాత పేపర్లు! కాలేజీలో కొట్టు పెడతారేటి?”

“పిల్లల చేత ఆటలాడిస్తాను. ఆటతోనే పని నేర్పుతాను.”

“బాగున్నాది! మావోడికి మాత్రం సెప్పకండి. ఉన్న సదువు కూడా మానేస్తాడు.”

తరగతి మధ్యలో నీళ్ళు నింపిన గంగాళం పెట్టించాను. ఒక్కో జట్టు విడతకు ఐదు కాగితం పడవలు చేయాలి. ఒక్కో పడవా పది చింతపిక్కలు మోయాలి. మొత్తం మూడు చిన్న విడతలు, నడుమ నిలబడి మాట్లాడుకోవాలి. ఎన్ని జట్లు ఆడుతున్నా నా చూపు ఆ నలుగురి మీదే ఉంది. వారిలో గౌరి చకచకా మడిచి, అందరికంటే ముందు “అయిపోనాది సార్!” అని కేక వేసింది. అదే జట్టులోని సింహాచలం వాటిలో పిక్కలు వేశాడు. మూడు పడవలు బుడుంగున మునిగాయి.

“ఏటి గౌరీ, అయిపోనాదన్నావు? మునిగిపోనాది!”

“మడత నా పని. అది అయిపోనాది. తేల్చడం నీ పని.”

తరగతి ఘొల్లుమంది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది, తగవు మూలం దొరికింది! “మీ జట్టులో అయిపోనాది అంటే ఏమిటో బోర్డు మీద రాయండి” అన్నాను. నలుగురూ కాసేపు వాదించుకుని, ‘పది పిక్కలతో తేలితేనే’ అని రాశారు. రెండో విడతలో నాలుగు పడవలు తేలాయి, మూడో విడతలో ఐదూ తేలాయి. కేకలకు పక్క తరగతివాళ్ళు వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు.

ఆ సందడిలోనే సింహాచలం మెల్లగా అడిగాడు. “మరి యాప్‌లో ధరల పేజీ అయిపోనాదన్నావు గదా?”

“నా ఫోన్లో ఆడినాది. నీ ఫోన్లో సూడలేదు” అంది గౌరి. “నువ్వు అందరి ముందూ అబద్ధాలకోరునన్నావని కోపమొచ్చి, మరి ముట్టలేదు.”

“అబద్ధమనుకున్నాను మరి. ఇటు తే, ఇప్పుడే సూద్దాం.”

సాయంత్రం నలుగురూ కలిసి ధరల పేజీని దిద్దుతుండగా రమణమూర్తి వచ్చి అడిగాడు. “జట్టు ఒకటా, రెండా?”

“ఒకటే సార్” అన్నాడు సింహాచలం. “నలుగురి ఫోన్లలోనూ ఆడితేనే ఇంక అయిపోనాదంటాం.”

తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా నా ఉత్సాహం తగ్గలేదు. ఆ నలుగురిలో బద్ధకస్థులు లేరు, అబద్ధాలకోరులూ లేరు. ఒకే మాటను నాలుగు అర్థాల్లో వాడుకుంటూ ఇన్నాళ్ళూ ఒకరినొకరు అనుమానించారు. ఈ సంగతి నేను ఉపన్యాసంగా చెప్పి ఉంటే తలలూపి వెళ్ళిపోయేవారు. మీరూ ఇలాంటి ఆటకు బయలుదేరితే నీళ్ళ పాత్రను బస్సులో మోసుకెళ్ళకండి; ఊళ్ళో షామియానా సామాన్ల కొట్టులో గంగాళం రోజు అద్దెకు దొరుకుతుంది.