దేవుడికి పొద్దున్నే పాడిన జోల

కోడలు వంటింట్లో సోంపు వేయిస్తే చాలు, ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఆవులింత వస్తుంది. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. పందొమ్మిది వందల యాభైల్లో, పోయిన నిద్రను నాకు తిరిగి తెచ్చిపెట్టిన నర్సింగరావు గారి గది నిండా అదే వాసన. ఆయన కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. ఆదివారం పొద్దున అఫ్జల్‌గంజ్‌లో ఓ దవాఖానా పక్క గదిలో కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడేవారు. మందులివ్వరు, సూదులు వేయరు, మాట్లాడతారు, అంతే. మా గల్లీలో ఆయన పేరు పిచ్చి డాక్టరు.

మాది శాలిబండ దగ్గర ఒక చిన్న వేంకటేశ్వరుడి గుడిలో తరతరాలుగా అర్చకత్వం చేస్తున్న ఇల్లు. నాన్న పోయాక తెల్లవారుజామున స్వామిని మేల్కొలపడం, రాత్రి జోల పాడి పవళింపజేయడం నా వంతుకొచ్చాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. స్వామిని నిద్రపుచ్చి ఇంటికొస్తే నా కంటికి మాత్రం కునుకు లేదు. అలా ఆరు నెలలు గడిచాక ఒక వేకువన తలుపులు తీసి, దీపం వెలిగించి, కళ్లు మూసుకుని పాట అందుకున్నాను. రెండు చరణాలయ్యాక వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేలుకొలుపు పాడాల్సిన వాణ్ణి తాపీగా జోల పాడుతున్నాను!

ఊరంతా నవ్వినా పెదనాన్న నవ్వలేదు. "ఇంకొక్క తప్పు జరిగితే సేవ నా కొడుకు వెంకటి చేస్తడు. నువ్వు ఏదన్న నౌకరి చూస్కో," అన్నారు. నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న ఆ సేవ తప్ప నాకు మరొకటి రాదు, అక్కర్లేదు కూడా. ఆ ఆదివారమే, తెలిసినవాళ్లెవరూ చూడకుండా చుట్టుదారిన అఫ్జల్‌గంజ్ వెళ్లాను.

బట్టతల, నలిగిన షేర్వాణీ, ముందు పళ్లెంలో సోంపు. జోల సంగతి వినగానే నర్సింగరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన టక్కున ఆపి పళ్లెం నా వైపు జరిపారు.

"గుస్సా చెయ్యకు బాపు. తెల్వక అడుగుతున్న, రాత్రి దేవుణ్ణి ఎట్ల పండవెడ్తరు?"

దీపాలు తగ్గిస్తామని, పాలు ఆరగింపు చేసి, ఉయ్యాల ఊపి, జోల పాడి, తెర వేస్తామని, ఆ తర్వాత ఎవరూ మాట్లాడరని చెప్పాను.

"మరి నువ్వెట్ల పంటవ్?"

"గడియారం తలకాడ పెట్టుకుంట సార్. గంటకోసారి లేసి చూస్త."

"దేవుని తలకాడ గడియారం పెడ్తరా?"

"పెట్టం."

"మరి నీకెందుకు? ఆయనకు చేసిందే నీకు చేస్కో. గడియారం మీ అమ్మకియ్యి, ఆమె లేపుతది."

ఇంటికొస్తే అమ్మ నా ఖాళీ చేతులు చూసి మండిపడింది. "మందు సీస సుత ఇయ్యలేదా? ఏం డాక్టరాయన!" అయినా రోజూ గ్లాసెడు పాలు వెచ్చబెట్టి ఇచ్చింది. నిద్ర కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. కానీ మూడు గంటలు దాటేది కాదు.

నాలుగో ఆదివారం ఆయన అడిగారు. "బాగ నిద్రవడ్తె ఏమైతదని నీ ఫికర్?"

ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాను. ఒక పొద్దున నాన్న లేవాల్సిన వేళకు లేవలేదు. అమ్మ లేపబోతే నేనే ఆపాను. "ఉత్సవం పనితోని అలిసిండు, కొద్దిసేపు పండుకోనియ్," అన్నాను. నేనొక్కణ్ణే వెళ్లి గుడి తెరిచాను. తిరిగొచ్చేసరికి నాన్న ఒళ్లు చల్లబడిపోయింది.

నీ తప్పు కాదని అంటారనుకున్నాను. ఆయన అనలేదు.

"ఎందుకు లేపొద్దన్నవ్? కోపంతోనా?"

"కాదు సార్. ప్రేమతోని."

"గదే యాదిల పెట్టుకో," అన్నారు మెల్లగా. నేను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. చాలాసేపు ఏడవనిచ్చారు.

తర్వాత ఆయన ఒక పని చెప్పారు. ఒక్క రోజు పొద్దుటి సేవ వెంకటికి అప్పజెప్పాలి, ఇంట్లో ఎవరూ నన్ను లేపకూడదు. ఇచ్చిన సేవ మళ్లీ చేతికి రాకపోతే? అయినా ఆయన మాట మీద నమ్మకంతో ఇచ్చేశాను.

కళ్లు తెరిచేసరికి గోడ మీద ఎండ. అమ్మ నా పక్కన కూర్చుని ఉంది, అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టి.

"ఎప్పట్నుంచి కూసున్నవమ్మా?"

"లేపొద్దన్నవ్ గద బిడ్డా. ఊపిరాడుతుందా లేదా అని చూస్తున్న," అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ కూడా నిద్రపోలేదని నాకు అప్పుడే తెలిసింది. నా దిగుల్లో ఆమె దిగులు కనపడనే లేదు.

మధ్యాహ్నం వెంకటి ఆవులిస్తూ వచ్చాడు. "తమ్మీ, గీ చీకట్ల లేసుడు నాతోని గాదు. నీ సేవ నువ్వే చేస్కో," అన్నాడు. ఆ తర్వాత పెదనాన్న మళ్లీ ఆ మాటెత్తలేదు. తర్వాతి ఆదివారం అమ్మను రిక్షాలో అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లాను. సీసా ఎందుకివ్వరని ఆమె నర్సింగరావు గారితో పెద్ద లొల్లే పెట్టుకుంది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. ఆ చలికాలానికల్లా అమ్మ గురక పక్కింటికి వినిపించేది.

నర్సింగరావు గారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా పొద్దెక్కినా లేవకపోతే గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడతాను. దుప్పటి మెల్లగా లేచి పడుతుందా అని చూస్తాను. చూసి, లేపడానికి వచ్చినవాళ్లతో "కాసేపు పడుకోనివ్వండి" అంటాను. ఆ మాట చెప్పి నా పనికి నేను వెళ్లిపోతాను.