ఊపిరాడని గేరుబాక్సు

పెద్ద మేస్త్రీ చదువు ఐదో తరగతితో సరి. గేరుబాక్సు సంగతి ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. విప్పి, పాడుచేసి, తిట్లు తిని, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. అందుకే కాబోలు, మాటకారులంటే ఒళ్లు మంట. పనివాడికి చేతులే సాక్ష్యం అని ఆయన లెక్క.

తమ్ముడు పని నేర్చింది ఆయన దగ్గరే. వాడి చేయి అన్న చేయి కంటే సుతారం. నూనె కారకుండా ఆపే సీలు కూర్చోబెట్టేటప్పుడు సుత్తి చప్పుడు విని ఏ పక్క ఎత్తుగా ఉందో చెప్పేసేవాడు. అలాంటివాణ్ణి రెండేళ్ల కిందట ఒక పాత కారు దగ్గర పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు.

ఆ కారు డ్రాయింగు మాస్టారిది. గేరుబాక్సులోంచి చక్రానికి వెళ్లే ఇరుసు దగ్గర నూనె కారుతోంది. తమ్ముడు రబ్బరు సీలు మార్చాడు. నెలకే కారింది. మళ్లీ మార్చాడు, మళ్లీ కారింది. మూడోసారి మాస్టారు షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, ఇక కారు కింద పళ్లెం కట్టుకుని తిరగమంటావా?" అన్నారు. అక్కడున్నవాళ్లంతా గొల్లుమన్నారు. పెద్ద మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.

"సీలు కూర్చోబెట్టడం చేతకాని చేతులు ఎందుకురా నీకు? నరుక్కో పో!" అని అరిచాడు.

"సరిగ్గానే వేశాను అన్నయ్యా. లోపల ఇంకేదో ఉంది" అన్నాడు తమ్ముడు.

"చేతకానివాడికి ఎప్పుడూ ఇంకేదో ఉంటుంది."

తమ్ముడు స్పానర్లన్నీ తుడిచి, సైజుల వరసన బల్ల మీద పేర్చి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

తర్వాత ఆ సీలు పెద్ద మేస్త్రీ స్వయంగా వేశాడు. మూణ్ణెల్లకు అదీ కారింది. అప్పుడు మాత్రం తప్పు చేతిది కాలేదు. "ఇప్పుడొచ్చే సీళ్లన్నీ నకిలీ సరుకు మాస్టారూ" అన్నాడు. మాస్టారు నమ్మారు. మేస్త్రీ ఇంకా గట్టిగా నమ్మాడు.

మొన్న ఆ కారు మళ్లీ వచ్చింది. "అమ్ముదామంటే, కొనేవాడు కిందికి వంగి చూసి అటునుంచి అటే పోయాడు మేస్త్రీ. ఈసారి తేలకపోతే తుక్కుకి ఇచ్చేస్తా" అన్నారు మాస్టారు.

పెద్ద మేస్త్రీ ఈసారి సీలు జోలికి పోలేదు. కారును పైకెత్తి, కారిన నూనెను వేళ్ల మధ్య రాసి వాసన చూశాడు. గంధకం కంపు. అది గేరు నూనే, ఇంజను నూనె కాదు. గేరుబాక్సు కింది భాగమంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో ఆరబెట్టి, దాని మీద ముఖానికి రాసే పౌడరు చల్లాడు. తర్వాత కారు తీసి ఊరి చివరిదాకా పోయి వచ్చాడు. కిందికి దూరి చూస్తే తెల్లటి పౌడరు మీద రెండు తడి చారలు. కుడి చక్రం వైపు సీలు దగ్గర ఒకటి, ఎడమ వైపు సీలు దగ్గర ఒకటి.

ఆయన అక్కడే వెల్లకిలా పడుకుండిపోయాడు. ఒక సీలు పోయిందంటే అర్థం ఉంది. రెండూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే కారడమేమిటి? లోపల్నుంచి ఏదో తోస్తోంది. నూనె పోసే మూత మెల్లగా వదులు చేశాడు. ప్రెషర్ కుక్కర్లా బుస్సుమంది.

వేడెక్కిన గాలి బయటికి పోవడానికి ప్రతి గేరుబాక్సు నెత్తిన గోరంత టోపీ ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. దారి మూసుకుపోతే ఆ గాలి నూనెను సీళ్లలోంచి తోసేస్తుంది. సీలు ఎంత బాగా వేసినా లాభం లేదు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, చేయి లోపలికి పోనిచ్చి తడిమాడు. టోపీ కనబడలేదు. దాని చోట నల్లటి ముద్ద గట్టిపడి ఉంది.

తారు పూత. తన పూతే.

వానలకు ముందు పాత ఖాతాదారుల కార్లకు కింది నుంచి గేరుబాక్సు నెత్తిదాకా తుప్పు పట్టకుండా ఊరికే తారు పూయడం ఆయన అలవాటు. ఆ కుంచె ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. "నా చేత్తో పూస్తే చీమ దూరే సందు కూడా ఉండదు" అని గొప్పలు పోయేవాడు. నిజంగానే ఉంచలేదు. కారడం మొదలైంది ఆ పూత తర్వాతే.

సన్నటి తీగతో గీరేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కొత్త సీళ్లు వేశానంటే చాలు, పేరుకు పేరూ దక్కుతుంది. ఆ ఆలోచన రాలేదని కాదు. టోపీ శుభ్రం చేశాడు, రెండు సీళ్లూ మార్చాడు, మూడు రోజులు తిప్పి చూశాడు. పౌడరు పొడిగానే ఉంది. మాస్టారు రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పోనీలే, దొరికిందిగా" అని మాస్టారు తాళాలు జేబులో వేసుకున్నారు. "ఆ వేళ నేనూ ఆ పళ్లెం మాట అనకుండా ఉండాల్సింది" అని మాత్రం అన్నారు.

తమ్ముడు ఊరికి అటువైపు కార్లు కడిగే చోట పనిచేస్తున్నాడు. పెద్ద మేస్త్రీ వెళ్లేసరికి మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని గొట్టంతో ఒక చక్రం మీద నీళ్లు కొడుతున్నాడు.

"మాస్టారి కారు తేలిందిరా. సీలు కాదు. బ్రీదర్ మీద నా తారు."

తమ్ముడు నీళ్లు ఆపలేదు. "ఓహో."

"నీ చేతి తప్పు కాదు. నాదే."

"తెలిసి ఏం చేసుకోను అన్నయ్యా? నీ దగ్గర్నించి వెళ్లాక ఇంకో షెడ్డులో చేరాను. ఒక్కో సీలు వేసి మూడుసార్లు పీకి చూసుకునేవాణ్ణి. సుత్తి ఎత్తితే నీ మాటే వినబడేది. పదకొండో రోజు వాళ్లే పొమ్మన్నారు."

"రా, షెడ్డుకి పోదాం. ఆ పదిమందినీ పిలిచి చెప్తాను."

"అప్పుడు పదిమందిలో అన్నావు. ఇప్పుడు నీళ్ల చప్పుడులో చెప్తున్నావు. పిలవాలనే ఉంటే పిలిచాకే ఇక్కడికి వచ్చేవాడివి."

పెద్ద మేస్త్రీ వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు.

"కడగడానికి బండేమైనా తెచ్చావా?" అన్నాడు తమ్ముడు. ఆయన లేదన్నట్టు తల ఊపాడు.

"అయితే కాస్త పక్కకి జరుగు. వరస ఆగిపోయింది."

ఆయన జరిగాడు.