మా బావ ఎడమచెయ్యి

మా బావ పోయి పదహారు రోజులైంది. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇందుకూరుపేట వైపు సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఎరగని మీ కోసం ఇది రాస్తున్నాను. నిజానికి ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

ఆయన మా అక్క భర్త. డెబ్బైకి దగ్గర పడ్డాడు. ఒడ్డున నిలబడి లాగే అలివి వలకు ఒకవైపు తాడు మీద ముందు చోటు ఎప్పుడూ ఆయనదే. నేను బడిపంతులుగా రిటైరై ఊరికి వచ్చి ఖాళీగా కూర్చుంటే, "ఏం అయ్యోరా, అరుగు అరగదీస్తుండావా? రా, తాడు పట్టు" అని తన వెనక నిలబెట్టుకున్నాడు. "లాగేది చేతుల్తో కాదు, నడుంతో. మడమలు దించు" అని నేర్పాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నన్ను ఒక్కరోజూ విసుక్కోకుండా దిద్దాడు. పొద్దున లేస్తే నాకూ ఓ పని ఉందనిపించింది ఆయన వల్లే.

బావా బావమరుదులం కదా, ఎగతాళి లేకుండా మాకు మాట సాగేది కాదు. అరిగిపోతాయని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ఆయన పిసినారితనాన్ని నేను, తుమ్మొస్తే మఫ్లర్ చుట్టుకునే నా సుకుమారాన్ని ఆయన ఏకిపెట్టేవాళ్లం. "మీకు పనీపాటా లేదా" అని అక్క కసిరేది.

ఆ రోజు పొద్దున్నే వల వేశాం. రెండు వైపుల తాళ్లూ సమంగా రావాలి. ఒక పక్క సడలితే చేపంతా జారిపోతుంది. అందుకే చేప చేరే వల సంచి ఒడ్డెక్కేదాకా ఎవరూ తాడు వదలకూడదని మా కట్టుబాటు. సగం లాగేసరికి బావ ఎడమచెయ్యి తాడు మీద నుంచి జారి పక్కన వేలాడుతోంది. కుడిచేత్తోనే లాగుతున్నాడు. వీపంతా చెమట. చల్లగాలికి మాకెవరికీ చెమట పట్టలేదు. అదంతా చూసి నేనేమన్నానో తెలుసా?

"ఏం బావా, ముసిలోడివైపోయినావా, ఒంటిచేత్తో లాగుతుండావు? పోయి అక్క పక్కన కూర్చోరాదా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "నీ తర్వాతేలే నేను ముసిలయ్యేది" అని ఎడమచెయ్యి ఎత్తి మళ్లీ తాడు మీద వేశాడు. సంచి ఒడ్డెక్కేదాకా తియ్యలేదు. పదహారు రోజులుగా నాకు ఆ చెయ్యే కనిపిస్తోంది.

వల రాగానే తడిబట్టలతో ఇసుకలో కూలబడ్డాడు. "దవడ గుంజతా ఉండాది అయ్యోరా. గ్యాసేమో" అన్నాడు. చేపల కోసం గంపతో ఒడ్డుకు వచ్చిన అక్క పరుగున పోయి సోడా తెచ్చింది. రెండు గుక్కలు తాగి పెద్దగా త్రేన్చాడు. అందరం తేలికపడ్డాం. "త్రేన్పొచ్చింది, ఇంకేం లేదు" అన్నది కూడా నేనే. చదువుకున్నవాడినని నా మాట నమ్మారు. ఆయన్ని ఆ ఇసుకలో ఇంటిదాకా నడిపించాం.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఇలా చెమట పట్టి, దవడో చెయ్యో గుంజితే త్రేన్పు కోసం ఎదురుచూడకండి. నడిపించకండి. వేళాకోళం అసలే వద్దు. ఆ వయసులో నలుగురిలో నవ్వులపాలు కాకూడదని ఎంత నొప్పినైనా ఓర్చుకుంటారు.

గడప దగ్గర పడిపోయాక అంబులెన్స్‌కు ఫోన్ చేశాం. బండిలో ఉన్నతను ముందుగా అడిగింది, నొప్పి ఎప్పుడు మొదలైందని.

"ఇందాకే, సోడా తాగే ముందు" అంది అక్క.

అప్పటికి గంటన్నర దాటిందని నాకు తెలుసు. అక్క మొహం చూసి నోరు మెదపలేకపోయాను. నెల్లూరు రోడ్డు ఎంతకీ తరగలేదు. అక్క ఆయన అరికాళ్లు రుద్దుతూనే ఉంది. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా అదే అడిగింది. ఈసారి దాచలేకపోయాను. "వల లాగేటప్పుడేనమ్మా. నేను చూశాను" అన్నాను. ఆమె గబగబా లోపలికి వెళ్లిపోయింది. అక్క నా వైపు తిరిగింది.

"చూసినావా? చూసి గమ్మునుండావా?"

"గమ్మున కూడా లేనక్కా" అని, ఆయన్ని ఏమన్నానో చెప్పాను. అక్క మొహం తిప్పుకుని డాక్టరమ్మ వెళ్లిన తలుపు దగ్గరికి పోయి నిలబడింది. తిట్టినా బాగుండేది.

కాసేపటికి నర్సు నన్ను పక్కకు పిలిచి, లాభం లేకపోయిందని మెల్లగా చెప్పి, ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టింది. కత్తెరతో చీల్చిన బనీను, లుంగీ. సముద్రపు తడి ఇంకా ఆరలేదు. కవరుకు ఎక్కడో చిల్లి ఉన్నట్టుంది, నీళ్లూ ఇసుకా నున్నటి నేల మీద కారాయి. నర్సు చెప్పిన మాట చెవిన పడని అక్క ఆ నీళ్లు చూసి, గబుక్కున వంగి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"వాళ్లు తుడుచుకుంటార్లే అక్కా" అన్నాను.

"అట్ట అనబాక. గలీజు చేసినామని కోపమొస్తే ఆయన్ను సరిగ్గా చూడరు" అంది.

నా చేతిలోని కవరు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. అక్క తుడుస్తూనే ఉంది.