సబ్బుతో కడిగిన గొర్రెపిల్ల

నిన్న నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం చూస్తూ పుస్తకాల కొట్టు ముందు నిలబడితే, ఒక అట్ట మీద గొర్రెపిల్లను ఎత్తుకొని నవ్వుతున్న ముఖం కనబడింది. మా దొడ్డికి వచ్చిపోయిన రచయితగారు. ఆ పిల్ల తెల్లది. మా గొర్రెలన్నీ నల్లవి.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో, మట్టి గురించి నవల రాయాలని, నల్లమల అంచున ఉన్న మా గొర్రెల దొడ్డికి వచ్చాడాయన. వారం ఉన్నాడు. మట్టి తగలకుండా బూట్లు, కూర్చోవడానికి మడత కుర్చీ, తాగడానికి క్యాన్ల నీళ్లు వెంట తెచ్చుకున్నాడు. కొర్రన్నం పెడితే "ఎంత స్వచ్ఛమైన జీవితం!" అని ఫోటో తీసుకొని పక్కకు జరిపేవాడు. ఆ వారం మా కుక్క బాగా ఒళ్లు చేసింది. నేను కొత్తవాళ్ల ముందుకు రాను. తలుపు చాటు నుంచి మజ్జిగ చెంబు అందిస్తే, "చదవడం వచ్చా అమ్మా?" అన్నాడు. తలూపాను. ఆయనవి రెండు పుస్తకాలు చదవబోయి రెండూ సగంలో మూసేశానని అతిథికి చెప్పడం మర్యాద కాదు కదా.

మా దగ్గర పసి గొర్రెపిల్లలను మందతో పంపం. తల్లులు మేతకు పోతే అవి గంపల కింద ఉంటాయి. సాయంత్రం గంపలు ఎత్తితే, అంత దుమ్ములో, అన్ని అరుపుల మధ్య, ప్రతి తల్లీ తన పిల్లను వాసనతోనే పట్టుకుంటుంది. ఒక మధ్యాహ్నం మేము కునుకు తీస్తుంటే రచయితగారికి జాలి పొంగింది. మొన్నమొన్న పుట్టిన పిల్లను గంప కింద నుంచి తీసి, తన వాసనసబ్బుతో నురగలు వచ్చేదాకా కడిగి, పౌడరు కూడా పూశాడు.

సాయంత్రం తల్లి వచ్చింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. తల్లి మూతి పెట్టి చూసి ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్లీ పోతే మళ్లీ కుమ్మింది. నాయన వాళ్లమ్మ, మా జేజి, పిల్లను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏందప్పా ఇది, పెండ్లికూతురును చేసినావే!"

"కంపు కొడుతోందని శుభ్రం చేశానండీ."

"ఆ కంపే దానికి పేరూ ఊరూ. ఇప్పుడు పాలు నువ్విస్తావా?"

నాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కానీ అది నవ్వే సంగతి కాదు. అంత పసిది ఆ రాత్రి పాలు తాగకపోతే తెల్లారేసరికి ఉండదు. నాయన తల్లిగొర్రె మెడ పట్టుకున్నాడు. జేజి దాని పాలే పిండి పిల్ల వీపుకూ తోకకూ పట్టించింది. నేను చన్ను పిల్ల నోటికి అందిస్తూ మోకాలికి రెండు తన్నులు తిన్నాను. రచయితగారు ఫోను ఎత్తి, "అద్భుతమైన దృశ్యం, కదలకండి!" అన్నాడు.

"పోప్పా, ఆడ కూసో. గొర్రె బెదురుతాది," అంది జేజి.

బాగా చీకటి పడ్డాక తల్లి పిల్ల తోక నాకింది. మేము ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు ఆయన వెళ్లిపోతూ, పిల్ల ఎట్లుందని కూడా అడగలేదు.

ఎందుకు అడగలేదో నిన్న ఆ కొట్టులో పుస్తకం తిరగేస్తే తెలిసింది. కరువు నేలలో తల్లుల మనసులు కూడా ఎండిపోతాయట. ఒక గొర్రె కన్నబిడ్డనే కుమ్మి చంపిందట. ఆయన ఆ పిల్లను గుండెకు హత్తుకొని తెల్లవార్లూ ఏడ్చాడట. సబ్బు మాట ఎక్కడా లేదు. మా జేజి అందులో మూగది. ఆమెను మూగదాన్ని చేయగలిగినవాడికి ఊహాశక్తి లేదని మాత్రం అనలేను.

పుస్తకం అక్కడే పెట్టేసి బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి మంద తిరిగొస్తోంది. గంప ఎత్తగానే ఒక బుజ్జిది ఉరికి, ఆనాటి సబ్బుపిల్ల పొదుగు కిందికి దూరింది. ఆయన పుస్తకంలో అది ఆ రాత్రే చచ్చింది, ఇక ఎప్పటికీ చచ్చే ఉంటుంది. మా దొడ్లో మాత్రం కాలం దాన్ని అప్పుడే రెండుసార్లు తల్లిని చేసింది.