చిన్నోడి కొమ్మ

నిజామాబాద్‌లో మా సందు చివర కట్టెకోత మిల్లు ఒకటి ఉంది. మధ్యాహ్నం రంపం ఆగాక పచ్చి పొట్టు వాసన కిటికీలోంచి వచ్చి, వద్దన్నా ఇంట్లో కూర్చుంటుంది. ఈ వయసులో దేన్నీ తలచుకునే ఓపిక నాకు లేదు. ఆ వాసనకు నా ఓపికతో పనేముంది, అరవైల నాటి బోధన్ పక్కన మా పెంకుటింటి అరుగు మీదికి లాక్కుపోతుంది.

మా నాన్నను బాపు అనేవాళ్లం, మిషన్ బడిలో వడ్రంగం నేర్చుకున్న మనిషి. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు నరికే కాలం వస్తే ఆయన మాకు చిక్కేవాడు కాదు. చలికాలమంతా చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు మా వాకిట్లో బారులు తీరేవి. ఒకదానికి ఇరుసు, ఒకదానికి కాడి, ఇంకోదానికి చక్రం, అదే మా గీర, అన్నీ ఆయన చేతికే రావాలి. గాలినిండా పాకం మాడిన తీపి కంపు, అందులో ఎడ్ల పేడ, నానిన చెరుకు పిప్పి. పిల్లలం బండి వెనక వేలాడి ఒక చెరుకు గడ గుంజుకుని, దవడలు నొప్పిపుట్టేదాకా నమిలి, ఇంటికొచ్చి అన్నం వద్దనేవాళ్లం. మా క్రిస్మస్ కూడా సరిగ్గా ఆ రద్దీలోనే వచ్చేది. ఎండాకాలంలో వస్తే ఏం పోయేదని బాపు ఏటా విసుక్కునేవాడు.

సరుగుడు చెట్టు దొరకని ఊరు మాది, వేపమండే మాకు క్రిస్మస్ చెట్టు. బాపు పాత డబ్బాలో మట్టి పోసి దాన్ని నిలబెడితే, అవ్వ, అంటే మా అమ్మ, ఎవరి కొమ్మ వాళ్లకు పంచిపెట్టేది. పైవి వాళ్లిద్దరివి, నడుమవి అక్కవీ నావీ, అన్నిటికన్నా కిందిది, నెత్తికి తగిలేంత ఎత్తులో ఉండేది, తమ్ముడిది. గాజులమ్మే మహబూబీ పగిలిన ముక్కలన్నీ మాకే తెచ్చి ఇచ్చేది. వాటిని దీపం మంట మీద వంచి, ఒకదాన్లో ఒకటి తగిలించి, అక్క గొలుసులు చేసేది. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాలు, పసుపులో ముంచిన దూది ఉండలు నా వంతు. తమ్ముడు మాత్రం చెరుకు ముక్క కట్టించుకుని పొద్దు గూకేలోపు తానే తినేసేవాడు. పండుగ నాటికి ఆకులు ముడుచుకుని రాలిపోయేవి, అవ్వ ఊడుస్తూ నవ్వేది.

ఒక ఏడు వానాకాలంలో తమ్ముడు జ్వరం వచ్చి పోయాడు.

అవ్వ ఏడ్చినన్నాళ్లూ మాకు అంత భయం వేయలేదు, ఏడవడం మానేశాక వేసింది. వండేది, పెట్టేది, గోడకు ఆనుకుని కూర్చునేది. పండుగ దగ్గరపడ్డా ఇల్లు అలకలేదు, గరిజలు వేయించడానికి మూకుడు పొయ్యి మీద పెట్టలేదు. బాపు వేపమండ సంగతి ఎత్తితే తల కూడా తిప్పలేదు.

"ఎండిపోయేటిది ఏది నా ఇంట్లకు తేవొద్దు," అంది.

మర్నాటి నుంచి, బండ్లు రాకముందే, మంచు ఇంకా దిగుతుండగానే అరుగు మీద బాపు కర్ర నునుపు చేసే రంద చప్పుడు మొదలైంది. విరిగిన గీరల్లోంచి ఆకులు, అంటే చక్రం నడుమ ఉండే కర్రలు, ఏరి చివరలు సన్నగా చెక్కాడు. పనికిరాని బండి నొగ దూలాన్ని గుంజగా నిలిపి, బర్మాతో బెజ్జాలు తొలిచి, ఒక్కొక్క కొమ్మనూ బిగించాడు. ఎండనిది, రాలనిది, ఇంట్లో చెట్టంటూ ఒకటి ఉంటే అవ్వ లేస్తుందని ఆయన ఆశ. లేవకపోతే ఏం చేయాలో ఆయనకు తెలియదు, కర్రలు అందిస్తున్న అక్కకూ నాకూ అసలే తెలియదు.

పండుగ ముందు రోజు సాయంత్రం చెట్టును లోపలికి తెచ్చి నిలబెట్టాడు. అప్పుడు చూశాం. అలసిన మనిషి, పాత అలవాటు మీద పనిచేసుకుపోయాడు. అన్నిటికన్నా కింద, తమ్ముడి నెత్తికి తగిలేంత ఎత్తులో, ఒక పొట్టి కొమ్మ ఉంది. బాపు రంపం తెమ్మని నాకు సైగ చేశాడు. నేను తెచ్చేలోపు అవ్వ గోడ దగ్గరి నుంచి లేచి వచ్చి ఆ కొమ్మ పట్టుకుంది.

"యాదిమరిచి పెట్టిన. కోసేస్త," అన్నాడు బాపు.

"ఉండనియ్యి," అంది అవ్వ. "కోస్తె మొండి కనవడ్తది."

దాన్ని కొస దాకా చేత్తో నిమిరింది. తరువాత ఇల్లంతా పొట్టు చేశారని మా ముగ్గురినీ కలిపి తిట్టి, చీపురు అందుకుంది. ఆ తిట్ల కోసం మేము ఎంతగా మొహం వాచి ఉన్నామో అప్పుడు తెలిసింది. అన్నం వేళకు పొయ్యి మీద మూకుడు ఎక్కింది. గాజుల గొలుసులు మా కొమ్మలకు వేసుకున్నాం. కిందిదానికి అక్క ఏదో కట్టబోతే అవ్వ వద్దంది, ఆ తరువాతి పండుగల్లోనూ అది ఖాళీగానే ఉండేది.

కొన్నేళ్లకు ఒక ముసురులో పొయ్యిలోకి ఎండు కట్టె లేక, అప్పటికే చెదపట్టిన ఆ చెట్టును అవ్వే విరిచి వంట చేసింది. మేము ఆకలి మీద ఉన్నాం, తిన్నాం.

ఇప్పుడు ఆ బండ్లు లేవు, ఫ్యాక్టరీ కూత లేదు, గాజు ముక్కలు మంటకు వంచే పిల్లలు లేరు. అవ్వా బాపూ పోయారు, మొన్నటేడు అక్కా పోయింది. తమ్ముడికి ఫోటో తీయించే స్తోమత మాకు ఎన్నడూ లేదు. ఆ కొమ్మ ఉన్నన్నాళ్లూ వాడు ఎంత ఎత్తు ఉండేవాడో ఇంట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు మనవరాలు అడిగితే చెయ్యి చాపి ఇంత అని చూపిస్తాను గాని, ఆ చెయ్యి ఎక్కడ ఆపాలో నాకే తెలియడం లేదు.