నీడ తప్పు వైపు పడిన ఓడ

కోవిడ్ తగ్గాక వచ్చిన రెండో వేసవి. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం, అయినా దాని అడుగును చూడటమే నా ఉద్యోగం. ఓడ వెనక తాడుకు కట్టి ఈడ్చే సైడ్‌స్కాన్ సోనార్ అనే పరికరం రెండు పక్కలకూ శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మలో రాయి ఏదో, ఇనుము ఏదో చెప్పినందుకే నాకు జీతం.

మణికొండలో మా కింది ఫ్లాట్ సుబ్బారావుగారిది. కాకినాడ మనిషి, కరెంటు ఆఫీసులో రిటైరయ్యారు. మునిగిన ఓడల్లోంచి నిధి తీస్తామనే ఒక కంపెనీలో డబ్బు పెట్టారు. అంతకుముందు చలికాలంలో వాళ్ల రిపోర్టు తెచ్చి చూపించారు.

"ఓడేనంటారా అమ్మా?"

"ఓడలాగే ఉందండి" అన్నాను ఉత్సాహంగా.

అబద్ధమేం కాదు. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన తమ్ముడి చేత కూడా డబ్బు పెట్టించారని తర్వాత తెలిసింది. నా నోటి తొందర మీద నాకే ఒళ్లు మండింది.

వేసవిలో మళ్లీ వచ్చారు. రెండో ఓడ దొరికిందట, ఇంకొంత పెట్టమన్నారట. అందుకోసం నార్సింగిలో ఉన్న తన స్థలం అమ్మడానికి బేరం కూడా కుదిరిపోయింది.

"ఎల్లుండే సంతకాలండి. మా తమ్ముడేమో, ఇన్నాళ్లూ బొమ్మలే గానీ ఒక్క గిన్నె ముక్కయినా పైకి రాలేదేంటంటున్నాడు. మీరో మాట చెబితే..."

ఈసారి నోరు కట్టేసుకున్నాను. వస్తువు అడ్డుపడి శబ్దం చేరని చోటు బొమ్మలో నీడలా కనిపిస్తుంది. శబ్దం పరికరం దగ్గరనుంచే వెళ్తుంది కనుక ఆ నీడ ఎప్పుడూ పరికరం లేని అవతలి వైపే పడాలి. ఆయన తెచ్చిన కొత్త రిపోర్టులో బాణం వేసి, పరికరం ఎడమ పక్కన వెళ్లిందని చూపించారు. ఓడ నీడ కూడా ఎడమకే పడింది! అనుమానమొచ్చి బొమ్మను లాప్‌టాప్‌లో అద్దంలోలా తిప్పి చూశాను. విరిగిన కొసతో సహా చలికాలం నాటి ఓడే.

మర్నాడు ఇద్దరం కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. నీడ తప్పు వైపు పడిందని చూపిస్తే అక్కడి మేనేజరు నవ్వేశాడు.

"ఏంది మేడమ్, గింతదానికి పరేషాన్ అయితున్రు? ఓడ ముక్కు ఎడమకుంటే ఎనకకు పోతున్నట్టు కొడ్తుందని మా డిజైనర్ తిప్పిండు. గంతే."

సుబ్బారావుగారు నెమ్మదిగా అడిగారు. "అయితే రెండూ ఒకటే ఓడన్నమాట. మరి రెండోది ఎక్కడుందండి?"

మేనేజరు నవ్వు ఆగిపోయింది. "హెడ్డాఫీసును అడగాలె సార్" అన్నాడు. నేను రా ఫైల్ పంపమన్నాను. పరికరం నుంచి నేరుగా వచ్చే, ఎవరూ చెయ్యి పెట్టని డేటా అది. ఇప్పటికీ రాలేదు.

స్థలం అమ్మలేదు. అంతకుముందు పెట్టిందీ తిరిగి రాలేదు. ఆ రోజు షేర్ ఆటోలో వస్తూ ఆయన, "ఆ ఫైలేదో మొదటిసారే అడగాల్సింది కదమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"అడగాల్సిందండి. తప్పు నాదే" అన్నాను.

ఇప్పుడు ఎవరు బొమ్మ చూపించినా ముందు రా ఫైల్ అడుగుతాను. అది లేకపోతే "నాకు తెలియదండి" అంటాను. ఆ చలికాలమే ఈ మాట అని ఉంటే, సుబ్బారావుగారి తమ్ముడి డబ్బు ఆ తమ్ముడి దగ్గరే ఉండేది.