సున్నం పడని మూల

మా మేనత్తకు ఎడమ కన్ను లేదు. కొత్తవాళ్లెవరైనా అడిగితే, "ఒక కంట్లో మా తమ్ముడు సున్నం కొట్టాడు. రెండో కంట్లో వెన్న పెట్టేవాడు ఇంకా రాలేదు" అంటుంది. ఆ తమ్ముడు మా నాన్న.

నాన్నను పెంచింది అత్తే. కొట్టి పెంచింది. నాన్నకు మీసాలు నెరిశాక కూడా, పార సరిగ్గా పట్టలేదని పొలంలో అందరి ముందూ చెంప పగలగొట్టడం నేను చూశాను. నాన్న ఆ దెబ్బ తిరిగి ఆమెకు ఇవ్వలేక ఎద్దుకు ఇచ్చేవాడు, తలుపుకు ఇచ్చేవాడు, కొన్నిసార్లు నాకు. అమ్మ పోయాక ఇంట్లో మేం ముగ్గురమే. తలుపు మీది ప్రతి సొట్టా ఎందుకు పడిందో నాకు తెలుసు.

మా పొలం కొండవాలు, ఎర్రమట్టి. వాన పడితే దంచి కొడుతుంది. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చి ఆగిపోయేది, ఆకులు ఊదారంగు తిరిగేవి. అత్త చెయ్యి మంచిది కాదని నాన్న, నాన్న దున్నకం మంచిది కాదని అత్త. చివరికి మట్టి పరీక్ష చేసే మేడమ్ వచ్చి ఒక మొక్కను పీకి వేళ్లు చూపించింది. పొట్టిగా, లావుగా, గోధుమరంగులో, కొసలు తెగ్గొట్టినట్టు ఉన్నాయి.

"మీ మట్టి పుల్లటిదమ్మా. పులుపు ఎక్కువైతే మట్టిలో ఉన్న అల్యూమినియం కరుగుతుంది. అదే వేరు కొసల్ని చంపేస్తోంది."

"అల్యూమినియమంటే మన సత్తు గిన్నెలదేనా?" అంది అత్త.

"అదే."

"ఇంకేం, అర్థమైంది. పుల్లటిది సత్తు గిన్నెలో ఉంచితే గిన్నెను తినేయదూ!"

మేడమ్ రెండు దారులు చెప్పింది. సున్నం వేసి పులుపు విరచడం ఒకటి. తట్టుకునే విత్తనం ఏరుకోవడం రెండోది. కొన్ని మొక్కలు వేరు కొస నుంచి తమ పులుపు తామే వదులుతాయట. అది అల్యూమినియాన్ని పట్టి కట్టేస్తుందట, లోపలికి రానివ్వదట. రెండూ కలిపి చేస్తే మేలంది. మా ఇంట్లో రెండు మాటలు కలిసి బతకవు. నాన్న సున్నం పట్టుకున్నాడు, అత్త విత్తనం పట్టుకుంది.

పొలం దిగువ మూల అన్నిటికంటే చెడ్డది. అక్కడే కొన్ని పాతరకం మొక్కలు నిలిచి చిన్న కండెలు వేశాయి. అత్త వాటి గింజలు దాచి, మళ్లీ ఆ మూలలోనే వేస్తానంది.

"అక్కడ సున్నం పడితే ఏది తట్టుకునేదో ఎలా తెలుస్తుందిరా? ఆ మూల నాకొదిలెయ్."

"పొలమంతా వేస్తా. ఆ మూలేమన్నా నీ పుట్టిల్లా?"

"పుట్టిల్లేరా, సన్నాసీ!"

సున్నపు రాళ్లు గుంటలో పోసి నాన్న నీళ్లు వదిలాడు. గుంట కుతకుతా ఉడికింది. అత్త వెళ్లి మూలలో చతికిలబడింది. నాన్న పార నిండా సున్నం ఎత్తుకొచ్చాడు.

"లే అక్కా."

"నిన్ను పెంచిన చేతులు నరుక్కోవాలి గానీ, లేవను."

నాన్న విసిరాడు. మట్టి మీదికి కాదు.

అత్త అరుపుకు ఎద్దు కట్టు తెంపుకుంది. అయినా ఆమె పారిపోలేదు. చేతికందిన గుద్దలి కర్రకామను చప్పుడు వచ్చిన వైపు తిప్పి, నాన్న మోకాలు పగలగొట్టింది. నేను ఆమెను తొట్టి దగ్గరికి లాక్కెళ్లి కంటి నిండా నీళ్లు పోస్తూనే ఉన్నాను. కన్ను ఉడికిన గుడ్డులా తెల్లబడింది. ఆ మర్నాటి నుంచి నేను బడికి వెళ్లలేదు. అత్తకు తోడు కావాలి.

కుంటుతూ నాన్న పైపొలమంతా సున్నం కలిపాడు. పైరు మనిషెత్తు లేచింది, నల్లగా నిగనిగలాడింది. అత్త మూల నడుమెత్తే.

"కనబడుతోందా ఒంటికన్నుదానా?" అనేవాడు.

"సగం కనబడుతోంది. అదే ఎక్కువ."

పూత సమయానికి వానలు ఎగ్గొట్టాయి. నాన్న పైరు తల వేలాడేసింది. అత్త ఒక మొక్కను పీకింది, సులువుగా వచ్చేసింది. వేళ్లు జానెడు దిగి, సున్నం అందని మట్టి తగలగానే గోడకు కొట్టుకున్నట్టు పక్కకు తిరిగాయి. తన మూలలో మొక్కను పీకబోతే రాలేదు. ఇద్దరం కలిసి తవ్వితే వేరు తెల్లగా, సన్నగా ఇంకా కిందికి పోతూనే ఉంది.

నాన్న చూశాడు. మిట్టమధ్యాహ్నం కొడవలి తీసుకుని ఆ మూలలోకి దిగి నరకడం మొదలుపెట్టాడు. కండెలు ఇంకా పాలమీదే ఉన్నాయి, విత్తనానికి పనికిరావు. ఇవి పోతే ఆ రకమే లేదు. అత్త కామ ఎత్తి కొట్టింది. ఒంటికంటికి దూరం అందక దెబ్బ నేలకు తగిలింది. నాన్న నవ్వి ఇంకో మొక్కను నరికాడు. అత్త మళ్లీ కొట్టింది, మళ్లీ నేలే.

"నువ్వు కొట్టవే!" అని కామ నా మీదికి విసిరింది.

కొట్టాను. మణికట్టు విరిగిన చప్పుడు పచ్చిదంటు విరిగినట్టే ఉంది. కొడవలి జారిపడింది. నాన్న అత్త వైపు కాకుండా నన్నే చూస్తూ కూలబడ్డాడు.

మూలలో సగం మొక్కలు ఇంకా నిలబడి ఉన్నాయి. అత్త వాటిని తడిమి చూసుకుని వచ్చి, నరికిన దంట్లు రెండు ఏరి, నాన్న చేతికి అటూ ఇటూ పెట్టి, తలగుడ్డ చించి కట్టింది.

"నువ్వు నరికినవే. పనికొచ్చాయి."

నాన్న పళ్లు కొరుక్కున్నాడు.

"వచ్చే వానలకు నీ సున్నం వెయ్, దాని మీద నా విత్తనం వెయ్. ఈ మూల మాత్రం నాది. ఏమంటావ్?"

"సరే అక్కా."

అత్త కట్టు ముడి బిగించి, లాగి చెంప మీద ఒక్కటిచ్చింది. ఈసారి దూరం సరిగ్గా అందింది.

"ఇది కంటికి."

కట్టు ఊడిపోయింది. తిట్టుకుంటూ మళ్లీ మొదటి నుంచి కట్టింది.